గోడ ప్లగ్గు నుండి గుండె గూటికి: పేస్‌మేకర్ చరిత్ర

'ఆయనకు గుండెలో మిషను పెట్టారటండీ' అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతూ ఉంటుంది. ఆ మిషను ఏమిటని అడిగితే స్పష్టమైన సమాధానం రాదు. అది స్టెంట్ కావచ్చును, కృత్రిమ కవాటం కావచ్చును, పేస్‌మేకర్ కావచ్చును. ఈ మూడూ గుండెకు సంబంధించినవే అయినా మూడింటి పనీ వేరు. స్టెంట్ పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరచి ఉంచే చిన్న జాలీ గొట్టం. కృత్రిమ కవాటం తలుపు వంటిది. పేస్‌మేకర్ మాత్రం విద్యుత్ పరికరం.

అలాగే 'గుండెలో బ్లాక్' అనే మాట కూడా చాలామందిని తికమక పెడుతుంది. హృద్ధమనులలో కొవ్వు పేరుకొని రక్తప్రవాహానికి అడ్డు కలగడం ఒక రకం. గుండెలోని విద్యుత్ ప్రసారానికి అడ్డు కలగడం మరొక రకం. వైద్యులు 'హార్ట్ బ్లాక్' అనేది ఈ రెండవ దానిని. ఇంటి భాషలో చెప్పాలంటే మొదటిది నీళ్ళ పైపు సమస్య, రెండవది కరెంటు తీగ సమస్య. పైపు సమస్యకు స్టెంట్, బైపాస్ శస్త్రచికిత్స ఉన్నవి. తీగ సమస్యకు పేస్‌మేకర్ ఉన్నది.

విద్యుత్ వలయమూ, దానిని నడిపే బ్యాటరీ రెండూ మనిషి శరీరం లోపలే ఉండి పనిచేసే పరికరాలలో పేస్‌మేకర్ మొదటిది. తరువాత వచ్చిన ఎన్నో అమరికలు దీని అనుభవం నుండి పాఠాలు నేర్చుకున్నవే. ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఒక విషయం స్పష్టమవుతుంది. విద్యుత్తుతో గుండెను కొట్టించడం శాస్త్రజ్ఞులకు అంత కష్టం కాలేదు. రోగిని గోడకున్న ప్లగ్గు నుండి విడిపించి ఇంటికి పంపడమే చాలా కష్టమైనది.

గుండెలోని కరెంటు

మన గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ప్రతి స్పందనకూ ముందు ఒక చిన్న విద్యుత్ ప్రేరణ పుడుతుంది. కుడి కర్ణికలో, ఊర్ధ్వ బృహత్సిర వచ్చి కలిసే చోట, ప్రత్యేక కణాల ముద్ద ఒకటి ఉన్నది. ప్రేరణ అక్కడ పుట్టి, రెండు కర్ణికలకూ వ్యాపించి, కర్ణికలకు జఠరికలకు మధ్య ఉన్న మరొక ముద్ద వద్ద సెకనులో పదవవంతు ఆగి, ఆ తరువాత సన్నని కట్ట గుండా జఠరికలకు దిగుతుంది. ఆ కొద్దిపాటి ఆలస్యం వృథా కాదు. కర్ణికలలోని రక్తమంతా జఠరికలలోకి చేరడానికి ఆ వ్యవధి కావాలి.

ఈ మార్గాన్ని ఒకరు ఒక్కసారిగా కనుగొనలేదు. 1893లో విల్‌హెల్మ్ హిస్ జఠరికలకు దిగే కట్టను వర్ణించాడు. 1906లో జపాను వైద్యుడు సునావో తవారా జర్మనీలో పనిచేస్తూ మధ్యలోని ముద్దను వివరించాడు. మొట్టమొదట ప్రేరణ పుట్టే చోటును ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లో ప్రకటించారు. ఫ్లాక్ అప్పటికి ఇంకా వైద్య విద్యార్థి. నేలలో బొరియలు చేసుకొని బ్రతికే మోల్ అనే చిన్న జంతువు గుండెను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలిస్తూ అతడు దానిని గుర్తించాడు.

ఈ మార్గంలో మధ్యన తెగితే పైనుండి ప్రేరణ క్రిందికి చేరదు. అప్పుడు జఠరికలు పూర్తిగా ఆగిపోవు. తమంతట తాము నిమిషానికి ముప్పై, నలభైసార్లు మెల్లగా కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడమూ కొన్ని క్షణాలు ఆగితే మెదడుకు రక్తం అందదు, మనిషి ఉన్నవాడు ఉన్నట్లు కూలిపోతాడు. మరల గుండె కొట్టుకోగానే ముఖం ఎర్రబడి లేచి కూర్చుంటాడు.

మూర్ఛ కాని మూర్ఛ

డబ్లిన్ నగరపు వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లోను, విలియమ్ స్టోక్స్ 1846లోను ఇటువంటి రోగులను వర్ణించారు. స్పృహ తప్పి పడిపోవడానికి మూలం మెదడు కాదనీ, నెమ్మదించిన గుండె అనీ వారు గ్రహించారు. అందువలన ఈ స్థితికి స్టోక్స్-ఆడమ్స్ మూర్ఛ అని పేరు వచ్చింది. వారి చేతిలో ఈసీజీ లేదు. నాడి పట్టి చూసే వ్రేళ్ళు, చెవి, ఓపిక మాత్రమే ఉన్నవి.

రోగం తెలిసింది గాని చికిత్స తెలియలేదు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా వైద్యులు ఇటువంటి రోగులను గుర్తించేవారు, మందులేవో ఇచ్చేవారు, తుదకు చూస్తూ ఊరుకునేవారు. పూర్తి హార్ట్ బ్లాక్‌తో మూర్ఛలు మొదలైనవారిలో చాలామంది ఒకటి రెండేళ్ళు దాటి బ్రతికేవారు కారు.

గోడకు కట్టబడిన రోగులు

విద్యుత్తు తగిలితే కండరం సంకోచిస్తుందని ఇటలీలోని బొలోనియా నగరంలో లుయీజీ గాల్వానీ కప్ప కాళ్ళ మీద ప్రయోగాలు చేసి 1791లో ప్రకటించాడు. గుండె కూడా కండరమే. అయినా ఆ సంగతిని రోగి మంచం వద్దకు తీసుకొని రావడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగర వైద్యుడు మార్క్ లిడ్‌విల్ గుండెకు సూది ద్వారా విద్యుత్ ప్రేరణలిచ్చే పరికరాన్ని గురించి 1929లో తెలిపాడు. దానితో పుట్టుకలో చలనం లేని ఒక శిశువు గుండెను తిరిగి కొట్టించగలిగారు. ఆ పరికరాన్ని దీపపు ప్లగ్గుకు తగిలించేవారు.

న్యూయార్క్‌లో ఆల్బర్ట్ హైమన్ 1932లో చేసిన యంత్రానికి ప్లగ్గు అవసరం లేకపోయింది. పాతకాలపు గ్రామఫోనుకు వలె చేత్తో కీ ఇస్తే స్ప్రింగు తిరిగి విద్యుత్తు పుట్టించేది. దాని బరువు 7.2 కిలోలు. ఒకసారి కీ ఇస్తే ఆరు నిమిషాలు నడిచేది. 'కృత్రిమ పేస్‌మేకర్' అనే పేరు హైమన్ పెట్టినదే. ఆగిన గుండెను మరల కొట్టించడం దైవకార్యంలో జోక్యమని అనుకొన్నవారు ఆ రోజులలో ఉండేవారు. ఆ యంత్రం వైద్యలోకంలో స్థిరపడలేదు.

1952లో బోస్టన్‌లో పాల్ జోల్ మరొక మెట్టు ఎక్కాడు. ఛాతీ పైనుండి విద్యుత్ ప్రేరణలిచ్చి హార్ట్ బ్లాక్ రోగిని రెండు రోజులకు పైగా బ్రతికించి, గుండె తనంతట తాను కొట్టుకొనేవరకు నిలబెట్టగలిగాడు. గుండెను బయటనుండి నడిపించవచ్చునని అది ఋజువు చేసింది. కాని గుండెకు చేరవలసిన కరెంటు ముందు చర్మాన్నీ, ఛాతీ కండరాలనూ దాటాలి. ప్రతి ప్రేరణకూ కండరాలు అదిరిపడేవి, చర్మం కాలి పుండ్లు పడేది. స్పృహలో ఉన్న రోగికి నిమిషానికి అరవైసార్లు ఆ బాధ. పైగా యంత్రం గోడ ప్లగ్గుకు తగిలించి ఉండేది. తీగ ఎంత పొడవో రోగి లోకం అంత. ప్రక్క గదికి వెళ్ళాలంటే పొడవైన తీగ కావాలి, ప్రక్క భవనానికి వెళ్ళాలంటే మార్గం లేదు.

కరెంటు పోయిన రాత్రి

కరెంటు పోవడమంటే ఏమిటో మనవారికి వేరే చెప్పనక్కరలేదు. పేస్‌మేకర్ చరిత్రను మలుపు తిప్పినది కూడా అటువంటి ఒక రాత్రే.

అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో డాక్టర్ వాల్టన్ లిల్లెహై 1950లలో పిల్లల గుండెలోని పుట్టుక లోపాలకు శస్త్రచికిత్స చేసేవాడు. జఠరికల మధ్య గోడలోని రంధ్రాన్ని కుట్టేటప్పుడు ఆ ప్రక్కనే పోయే విద్యుత్ కట్ట కొందరు పిల్లలలో దెబ్బతినేది. లోపం సరిపడేది, హార్ట్ బ్లాక్ వచ్చేది. దానికి లిల్లెహై బృందం 1957లో ఒక ఉపాయం కనిపెట్టింది. సన్నని తీగను నేరుగా గుండె కండరానికి కుట్టి, రెండవ కొనను ఛాతీ బయటకు తెచ్చి, ప్రేరణ యంత్రానికి కలిపారు. గుండెకే నేరుగా అందుతుంది గనుక అతి స్వల్పమైన విద్యుత్తు చాలు, నొప్పి ఉండదు. కొన్ని రోజులలో కట్ట కోలుకొంటే తీగను మెల్లగా లాగివేయవచ్చును.

అయితే యంత్రం మాత్రం గోడ ప్లగ్గు మీదనే ఆధారపడి ఉన్నది. 1957 అక్టోబరు 31న ఆ ప్రాంతంలో విద్యుత్ సరఫరా ఆగిపోయింది. ఆ సంఘటన తరువాత లిల్లెహై తమ ఆసుపత్రి పరికరాలను బాగుచేసే ఎర్ల్ బాకెన్‌ను పిలిచి, బ్యాటరీతో నడిచే యంత్రం చేసి ఇవ్వగలవా అని అడిగాడు.

బాకెన్ తన బంధువుతో కలిసి 1949లో ఒక గ్యారేజీలో మెడ్‌ట్రానిక్ అనే చిన్న సంస్థను ప్రారంభించినవాడు. సంగీత సాధకులకు తాళం వేసి చూపే మెట్రోనోమ్ అనే సాధనం ఉన్నది. దానిని ట్రాన్సిస్టర్లతో తయారుచేసే వలయం ఒకటి 1956లో ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయినది. బాకెన్‌కు అది జ్ఞాపకం వచ్చింది. తాళం ఎంత వేగంగా వేయాలో మార్చుకోవచ్చును, గుండెకు కావలసినదీ అదే. నాలుగు వారాలలో అరచేతిలో పట్టే పెట్టె సిద్ధమయినది. జంతువు మీద పరీక్షించి చూడమని అతడు దానిని ప్రయోగశాలలో ఇచ్చి వెళ్ళాడు. మరునాడు ఆసుపత్రికి వచ్చేసరికి ఆ పెట్టె ఒక చిన్నపిల్ల ఒంటిమీద పనిచేస్తూ కనబడినది. మెరుగైన సాధనం చేతికి వచ్చినప్పుడు దానిని ఒక్కరోజు కూడా ఆపి ఉంచడం లిల్లెహైకి ఇష్టం లేకపోయింది. ఈ రోజులలో అటువంటి తొందరను ఏ నియంత్రణ సంస్థా అంగీకరించదు. ఆ సంగతికి మరల వద్దాము.

గోడకున్న బంధం అలా తెగింది. పిల్లలు మంచం దిగి నడిచారు. అయినా తీగ చర్మం గుండా లోపలికి పోతూనే ఉన్నది. ఆ రంధ్రం గుండా సూక్ష్మజీవులు గుండె వరకు పోగలవు. కొన్ని రోజులకైతే ఫరవాలేదు, జీవితకాలమంతా పేస్‌మేకర్ అవసరమైనవారికి అది దారి కాదు.

ఒక భార్య పట్టుదల

1958లో స్వీడన్ దేశంలో ఆర్నే లార్సన్ అనే నలభై మూడేళ్ళ వ్యక్తి హార్ట్ బ్లాక్‌తో ఆసుపత్రిలో ఉన్నాడు. రోజుకు ఇరవై, ముప్పైసార్లు స్పృహ తప్పేవాడు. అతని భార్య ఎల్సె-మరీ, స్టాక్‌హోమ్‌లో కరోలిన్‌స్కా వైద్యసంస్థకు చెందిన శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ కలిసి శరీరం లోపల అమర్చే పేస్‌మేకర్ మీద ప్రయోగాలు చేస్తున్నారని విన్నది. వెళ్ళి అడిగింది. ఇంకా జంతువుల మీదే చేస్తున్నామనీ, మనిషికి పెట్టదగిన పరికరం తయారు కాలేదనీ వారన్నారు. అయితే తయారుచేయండి అని ఆమె పట్టుబట్టింది. ఆసుపత్రికీ ప్రయోగశాలకూ మధ్య ఆమె మాటిమాటికి తిరిగింది.

ఎల్మ్‌క్విస్ట్ వైద్యం చదివి ఇంజనీరుగా స్థిరపడినవాడు. అప్పుడప్పుడే దొరుకుతున్న సిలికాన్ ట్రాన్సిస్టర్లు రెండు, ఒక నికెల్-కాడ్మియమ్ బ్యాటరీ, వాటికి కావలసిన భాగాలు చేర్చి వలయం తయారుచేశాడు. దాని చుట్టూ ఎపాక్సీ జిగురు పోసి గట్టిపరచాలి. అచ్చుగా వాడినది బూట్లకు పూసే పాలిష్ డబ్బా. 1958 అక్టోబరు 8న, ప్రచారం లేకుండా, సాయంవేళ సెన్నింగ్ ఆ పరికరాన్ని లార్సన్ శరీరంలో అమర్చాడు. లోపలి బ్యాటరీ నీరసించినప్పుడు చర్మం పైన తీగచుట్టను ఉంచి, ఏ తీగా లోపలికి పోకుండానే ఛార్జి చేసే ఏర్పాటు కూడా అందులో ఉన్నది.

ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది. వెంటనే రెండవదానిని పెట్టవలసి వచ్చింది. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. లార్సన్ ఆ తరువాత కొంతకాలం పేస్‌మేకర్ లేకుండానే నెట్టుకొని వచ్చి, మెరుగైనవి వచ్చిన కొద్దీ ఒకదాని తరువాత ఒకటి మార్పించుకున్నాడు. జీవితకాలంలో ఇరవైకి పైగా పరికరాలు అతని ఒంట్లో పనిచేశాయి. పరికరం చేసిన ఎల్మ్‌క్విస్ట్ 1996లోను, దానిని అమర్చిన సెన్నింగ్ 2000లోను మరణించారు. లార్సన్ 2001 డిసెంబరులో ఎనభై ఆరేళ్ళ వయస్సులో, గుండె జబ్బుతో కాక చర్మపు కేన్సర్‌తో కాలం చేశాడు.

ఉప్పునీటితో పోరాటం

అదే సంవత్సరాలలో అమెరికాలోని బఫెలో నగరంలో విల్సన్ గ్రేట్‌బ్యాచ్ అనే ఇంజనీరు గుండె శబ్దాలను నమోదు చేసే సాధనం తయారుచేస్తూ, పెట్టె నుండి ఒక రెసిస్టరు తీసి వలయంలో బిగించాడు. అది ఉండవలసిన విలువ గలది కాదు. వలయం ఒకసారి స్పందించి, సెకను కాలం ఆగి, మరల స్పందించసాగింది. ఆ లయను చూడగానే అది గుండె లయ అని అతనికి తట్టింది. గుండెను విద్యుత్తుతో నడపడం గురించి అతడు అంతకుముందే కొన్ని సంవత్సరాలుగా ఆలోచిస్తున్నవాడు. అందువలన ఆ పొరపాటులోని విలువ అతని కంటికి ఆనినది. అదే పొరపాటు మరొకరు చేసి ఉంటే రెసిస్టరును తీసి పారవేసి ఉండేవారు.

1958 మే నెలలో శస్త్రవైద్యుడు విలియమ్ చార్డాక్ ఆ పరికరాన్ని ఒక కుక్కకు అమర్చాడు. నాలుగు గంటలలో అది ఆగిపోయింది. వలయాన్ని టేపుతో చుట్టారు, శరీర ద్రవాలు టేపును దాటి లోపలికి చేరాయి. మన శరీరం ఒక విధంగా గోరువెచ్చని ఉప్పునీటి తొట్టి. సముద్రపు ఒడ్డున ఇనుప వస్తువు ఎంత త్వరగా తుప్పుపడుతుందో విశాఖపట్నంలోనో, మచిలీపట్నంలోనో కాపురమున్నవారికి తెలుసును. శరీరంలో పెట్టిన యంత్రం పరిస్థితి అంతకంటె కఠినం. అక్కడ అది రాత్రింబవళ్ళు మునిగే ఉంటుంది, తీసి తుడిచే అవకాశం లేదు.

గ్రేట్‌బ్యాచ్ ఉద్యోగం మానివేసి, రెండువేల డాలర్ల పొదుపు సొమ్ముతో ఇంటి వెనుకనున్న కొట్టంలో రెండేళ్ళు పనిచేశాడు. యాభై పేస్‌మేకర్లు చేత్తో తయారుచేశాడు. విడిభాగాలను పరీక్షించడంలో భార్య ఎలినార్ అతనికి తోడ్పడింది. 1960లో చార్డాక్ వాటిని రోగులకు అమర్చడం మొదలుపెట్టాడు. మొదటివారిలో డెబ్బై ఏడేళ్ళ వృద్ధుడొకరు పద్దెనిమిది నెలలు బ్రతికాడు. ఆ సంవత్సరమే మెడ్‌ట్రానిక్ సంస్థ ఈ పేస్‌మేకర్‌ను తయారుచేసే హక్కు పొందింది.

తరువాతి చిక్కు బ్యాటరీ. తొలినాటి పాదరసం-జింక్ బ్యాటరీలు రెండేళ్ళ ప్రాంతంలో నీరసించేవి. అవి పనిచేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. వాయువు బయటకు పోవాలి గనుక పెట్టెను పూర్తిగా మూసివేయడానికి వీలులేదు. పూర్తిగా మూయకపోతే ఉప్పునీరు లోపలికి వస్తుంది. రోగికి రెండేళ్ళకొకసారి శస్త్రచికిత్స తప్పేది కాదు. ఈ చిక్కు ఎంతటిదంటే, అణుశక్తితో నడిచే పేస్‌మేకర్లను కూడా తయారుచేశారు. ప్లుటోనియం-238 వేడి నుండి విద్యుత్తు తీసే పేస్‌మేకర్‌ను 1970లో పారిస్‌లో మొదటిసారి అమర్చారు. ప్లుటోనియం సగానికి తగ్గడానికి 88 ఏళ్ళు పడుతుంది కనుక అది రోగి ఆయుర్దాయాన్ని దాటి పనిచేయగలదు. కాని రోగి మరణానంతరం ఆ ప్లుటోనియాన్ని భద్రంగా వెనుకకు తీసుకోవడం పెద్ద బాధ్యత.

పరిష్కారం లిథియం-అయొడిన్ బ్యాటరీ రూపంలో వచ్చింది. దానిని పేస్‌మేకర్లకు తగినట్లు తీర్చిదిద్దడంలో గ్రేట్‌బ్యాచ్‌దే ముఖ్యపాత్ర. 1972లో ఇటలీలో మొదటిసారి దానిని రోగికి అమర్చారు. ఈ బ్యాటరీ నుండి వాయువు రాదు. కనుక యంత్రాన్ని టైటానియం లోహపు పెట్టెలో పెట్టి, చుట్టూ అతికి, చుక్క నీరు చొరకుండా మూయడం సాధ్యమైనది. మరొక మేలు కూడా ఉన్నది. ఇది ఉన్నట్టుండి ఆగిపోదు. క్రమంగా నీరసిస్తూ, మార్చవలసిన సమయం వస్తున్నదని నెలల ముందే తెలియజేస్తుంది. బ్యాటరీ ఎంతకాలం నిలుస్తుందన్నది ఎంత ముఖ్యమో, అది ఎలా నిలిచిపోతుందన్నది కూడా రోగికి అంత ముఖ్యం.

వినడం నేర్చిన యంత్రం

తొలి పేస్‌మేకర్లు చెవిటివి. గుండె తనంతట తాను కొట్టుకొంటున్నా తమ తాళం తాము వేసేవి. సహజ స్పందన ముగిసీ ముగియని ఘడియలో కృత్రిమ ప్రేరణ పడితే ఒక్కొక్కసారి గుండె లయ పూర్తిగా చెదరిపోయి ప్రాణాపాయం కలుగవచ్చును. 1960ల నడుమ బారూ బెర్కోవిట్స్ రూపొందించిన 'డిమాండ్' పేస్‌మేకర్ ముందు గుండెను వింటుంది. స్పందన వస్తే మౌనంగా ఉంటుంది, రాకపోతేనే ప్రేరణ ఇస్తుంది. నేటి పేస్‌మేకర్లన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నవి.

అమర్చే పద్ధతి కూడా మారింది. లార్సన్ కాలంలో ఛాతీ తెరచి గుండెకు తీగలు కుట్టేవారు. న్యూయార్క్‌లో సేమూర్ ఫర్మన్ 1958లోనే సిర గుండా తీగను గుండెలోకి పంపి చూపాడు. ఆ పద్ధతి 1960లలో వ్యాపించిన తరువాత, భుజం ఎముక క్రింద చిన్న గాటుతో, ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, పేస్‌మేకర్ పెట్టడం సాధ్యమయింది. ఎనభై ఏళ్ళవారు కూడా దానిని తట్టుకోగలుగుతున్నారంటే కారణం ఇదే.

మితిమీరిన వేగంతో చెదిరిన గుండెకు లోపలి నుండే షాక్ ఇచ్చి సరిదిద్దే ఐసీడీ పరికరాన్ని మిషెల్ మిరోవ్‌స్కీ బృందం రూపొందించగా, 1980లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి అమర్చారు. 2016లో తీగలే లేని పేస్‌మేకర్‌కు అమెరికాలో అనుమతి లభించింది. రెండు గ్రాముల బరువుండే ఆ గొట్టాన్ని తొడలోని సిర గుండా పంపి గుండెలోనే నిలుపుతారు. హైమన్ 7.2 కిలోల యంత్రానికీ దీనికీ మధ్య గడచినది ఒక మనిషి జీవితకాలమంత కాలం మాత్రమే.

ప్రతి సౌకర్యం వెంట ఒక కొత్త చింత కూడా వస్తుంది. రేడియో తరంగాల ద్వారా బయటనుండి పరికరాన్ని పరీక్షించడం వైద్యునికి సులభం. అదే ద్వారం గుండా దుష్టులు చొరబడవచ్చుననే అనుమానంతో 2017లో అమెరికాలో ఒక సంస్థకు చెందిన నాలుగున్నర లక్షలకు పైగా పేస్‌మేకర్ల సాఫ్ట్‌వేర్‌ను మార్చవలసి వచ్చింది. అందుకొరకు ఎవరికీ శస్త్రచికిత్స అవసరం కాలేదు.

మన దేశంలో

మన దేశంలో అమర్చే పేస్‌మేకర్లలో అధికభాగం విదేశీ సంస్థలవే. అయితే శరీరంలో అమర్చే ఇతర పరికరాలలో మనవారి కృషి తక్కువేమీ కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం. ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో రూపొందిన గుండె కవాటాన్ని 1990లో మొదటిసారి రోగికి అమర్చారు. అంతకుముందు మూడు నమూనాలు విఫలమయ్యాయి, నాలుగవది నెగ్గింది. హైదరాబాదులో డాక్టర్ ఏ. పీ. జే. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు కలిసి 1990లలో తక్కువ ధరకు అందే స్టెంట్‌ను తయారుచేయించారు. అది కలాం-రాజు స్టెంట్ అని పేరుపొందింది. ఈ రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే. పరికరం ఉన్నది, అది సామాన్యునికి అందుతుందా?

లిల్లెహై మరునాడే వాడిన పెట్టె సంగతికి వద్దామన్నాను. నాడు ఆ తొందర కొందరు పిల్లలను నిలబెట్టింది. కాని లక్షలమందికి అమర్చే పరికరాలు వైద్యుని ధైర్యం మీద మాత్రమే ఆధారపడకూడదు. మన దేశంలో వైద్యపరికరాల నియమావళి 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. పరికరాల వలన కలిగే హానిని నమోదు చేయడానికి 2015లోనే ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభమయింది. మీకు అమర్చిన పరికరం వలన ఇబ్బంది కలిగితే దానిని మీ వైద్యునికి తెలిపి నమోదు చేయించడం మీ హక్కు. అది రేపటి రోగికి మేలు కూడా.

పేస్‌మేకర్ ఉన్నవారికి కొన్ని సూచనలు

మొదటిది గుర్తింపు కార్డు. పరికరం పేరు, నమూనా సంఖ్య, అమర్చిన తేదీ అందులో ఉంటాయి. దానిని బీరువాలో దాచవద్దు, జేబులోనో చేతిసంచిలోనో ఉంచుకోండి. ఎమ్.ఆర్.ఐ. పరీక్షకు ముందు, ఏ శస్త్రచికిత్సకు ముందయినా, పళ్ళ వైద్యం, కరెంటుతో ఇచ్చే ఫిజియోథెరపీ మొదలగువాటికి ముందయినా ఆ కార్డు చూపించాలి. కొన్ని కొత్త పేస్‌మేకర్లు ఎమ్.ఆర్.ఐ.కి అనుకూలమైనవే, కాని మీది అటువంటిదా కాదా అన్నది ఆ కార్డు వలననే తెలుస్తుంది.

సెల్‌ఫోను వాడవచ్చును. దానిని పేస్‌మేకర్ ఉన్న ప్రక్క చొక్కా జేబులో పెట్టవద్దు, అవతలి చెవి వద్ద ఉంచి మాట్లాడండి. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల ఎడంగా నిలబడండి. మిక్సీ, టీవీ, ఫ్రిజ్ వలన భయం లేదు. వెల్డింగ్ పని చేసేవారు తప్పక వైద్యుని సలహా తీసుకోవాలి.

బాగానే ఉన్నది కదా అని పరీక్షలు మానవద్దు. బ్యాటరీ సాధారణంగా ఎనిమిది నుండి పన్నెండేళ్ళు నిలుస్తుంది. దాని శక్తి ఎంత మిగిలినదో పరీక్షలోనే తెలుస్తుంది. మార్చేటప్పుడు పెట్టెను మార్చుతారు. లోపలి తీగలు బాగుంటే వాటినే వాడుకుంటారు.

చెప్పడానికి మనస్సు రాకపోయినా చెప్పవలసిన సంగతి మరొకటి ఉన్నది. పేస్‌మేకర్ ఉన్నవారు మరణిస్తే దహనానికి ముందు దానిని తీయించాలి. నిప్పులో లిథియం బ్యాటరీ ప్రేలుతుంది, చితి దగ్గరున్నవారికి గాయాలు కావచ్చును. తీయడం చిన్న గాటుతో అయ్యే పని. దుఃఖంలో ఎవరికీ జ్ఞాపకం రాదు కనుక ఇంటిలో ఒకరికయినా ముందుగా చెప్పి ఉంచండి.

ఇంకా అందవలసినవారు

ప్రభుత్వాసుపత్రులలో పనిచేసినన్నాళ్ళూ నేను చూసిన ఒక స్థితి నేటికీ పూర్తిగా తొలగలేదు. పల్లెలో ఒక వృద్ధురాలు తరచు స్పృహ తప్పుతూ ఉంటుంది. గాలి సోకిందంటారు, నీరసమంటారు, ఫిట్స్ అంటారు. ఫిట్స్ మందులు ఏళ్ళ తరబడి వాడుతుంది. ఎవరయినా ఒకరు మణికట్టు పట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడితే నాడి ముప్పై ఐదు ఉంటుంది. ఆడమ్స్, స్టోక్స్ తమ వ్రేళ్ళతో కనిపెట్టినదే అది.

నెమ్మదైన నాడి అంతా జబ్బు కాదు. క్రీడాకారులలోను, నిద్రలోను నాడి సహజంగానే తగ్గుతుంది. రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మందులు కూడా నాడిని తగ్గిస్తాయి. అటువంటప్పుడు మందు మార్చితే చాలును, పేస్‌మేకర్ అవసరం రాదు. కాని పెద్ద వయస్సువారిలో నాడి నిమిషానికి యాభై కంటె తక్కువగా ఉండి, కళ్ళు తిరగడమో, స్పృహ తప్పడమో, నాలుగడుగులకే ఆయాసమో కూడా ఉంటే ఆలస్యం చేయకూడదు. ఈసీజీ తీయించాలి. ఒక్క ఈసీజీలో దొరకకపోతే ఇరవై నాలుగు గంటలు నమోదు చేసే హోల్టర్ పరీక్ష ఉన్నది. పేస్‌మేకర్ అవసరమని తేలితే ఖర్చుకు భయపడి ఆగవద్దు. శాశ్వత పేస్‌మేకర్ అమరిక ఆరోగ్యశ్రీ పథకంలో ఉన్న చికిత్సలలో ఒకటి. మీ కార్డుకు అది వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఈ వ్యాసం చదివిన తరువాత గడియారంలోని సెకన్ల ముల్లు చూస్తూ మీ ఇంటిలోని పెద్దవారి నాడిని ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయవద్దు, నాడి మధ్యలో తప్పుతూ ఉంటే ఆ లెక్క తప్పుతుంది. వచ్చిన సంఖ్యను, తేదీని ఒక కాగితం మీద వ్రాసి, వారు ఈసారి డాక్టరు వద్దకు వెళ్ళినప్పుడు చూపించండి.